ఎదురింటి సాక్షి

తార్నాక,
1969 ఫిబ్రవరి 18

శ్యామలా,

నువ్వూ, కౌముదీ క్షేమంగా తెనాలి చేరారని మీ అన్నయ్య వేసిన కార్డు నిన్న అందింది. అందులో నీ చేతిరాత ఒక్క ముక్క లేదు. రైల్లో అలిసిపోయి ఉంటావని సరిపెట్టుకున్నాను.

ఇక్కడ నా కాపురం బ్రహ్మాండంగా ఉంది. మొదటి రోజు అన్నం గంజి అయింది. మర్నాడు నీళ్ళు తగ్గిస్తే పలుకైంది. ఆ రెంటికీ మధ్య ఏదో ఉంటుంది, అది నీకు తెలుసు, నాకు చెప్పకుండా రైలెక్కావు. మిమ్మల్ని పంపడం మాత్రం మంచిదైంది. కాలేజీ పిల్లలంతా తరగతులు మానేసి రోడ్ల మీదే ఉంటున్నారు. ప్రత్యేక తెలంగాణ ఇచ్చేదాకా కదలరట. ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలన్న గోడరాతలు మన వీధి మలుపు దాకా వచ్చాయి. కౌముది బడి ఎప్పుడు తెరుస్తారో ఆ హెడ్‌మిస్ట్రెస్‌కే తెలియదు.

ఇక అసలు సంగతి. మన ఎదురింటి సామేలు వేసిన దావా కాగితాలు మా మేనేజరు ఉమాపతిగారు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కిందటేడు యూనివర్సిటీ రోడ్డులో సైకిల్ మీద వెళ్తుంటే రాళ్ళ లారీ గుద్ది సామేలు తుంటి నుజ్జయింది కదా, ఆ లారీకి ఇన్సూరెన్సు మా కంపెనీదే. అతను అడిక్‌మెట్ అచ్చాఫీసులో కంపోజిటరు. అక్షరాలు ఏరి పేర్చే ఆ పని పొద్దస్తమానం నిలబడే చెయ్యాలి. ఇక జన్మలో నిలబడలేను, లక్ష రూపాయలు ఇప్పించండి అని అడుగుతున్నాడు. లక్ష! మా శాఖ పుట్టాక అంత దావా రాలేదని ఉమాపతిగారు రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగారు.

"మీ ఇంటి ఎదురేగా అచ్యుతరామయ్యా. కిటికీలో కూర్చుని చూడు. వాడు నిలబడ్డ రోజున ఒక్క ఫోటో తియ్యి. అది చూపిస్తే దావా కూలిపోతుంది. అది నా చేతికొచ్చిన నాడు గుంటూరు బ్రాంచికి నీ బదిలీ కాగితం మీద సంతకం పెడతాను" అన్నారు. కంపెనీ కెమెరా కూడా ఇచ్చారు.

గుంటూరంటే తెనాలి పక్కనే. మనం ముగ్గురం మళ్ళీ ఒక ఇంట్లో ఉండొచ్చు. సామేలు భార్య కృపారాణి నీకు స్నేహితురాలని తెలుసు. కానీ నేను అబద్ధమేమీ సృష్టించబోవడం లేదు, ఉన్నది ఉన్నట్టు చూడటమేగా. ఏమంటావు?

నీ
అచ్యుతరామయ్య


తెనాలి,
ఫిబ్రవరి 27

శ్రీవారికి నమస్కారాలు.

కార్డు అంతా అన్నయ్యే నింపేసి, సంతకం పెట్టడానికి కూడా చోటు మిగల్చలేదు. అలిసిపోయి కాదు.

ముందు గేటు మీది బోర్డు తీసేయండి. మీ పేరూ, బి.ఏ., పక్కనే బ్రాకెట్లో ఆంధ్ర. అది మీరు చదువుకున్న యూనివర్సిటీ పేరని ఇప్పుడు ఎవరు ఆగి ఆలోచిస్తారు? డిగ్రీ ఎక్కడికీ పోదు, బోర్డు తీసి బీరువాలో పెట్టండి. ఈ ఒక్క మాట వినండి.

ఎసట్లో నీళ్ళు మధ్యవేలు రెండో కణుపు దాకా పొయ్యండి. చెప్పకుండా రైలెక్కానా? చెప్తుంటే మీరు పేపరు చదువుతున్నారు.

మేం బాగానే ఉన్నాం. వదిన బాగానే చూస్తోంది. కౌముది అన్నయ్య పిల్లలతో కలిసిపోయింది. గుంటూరు మాట వినగానే దాని మొహం చూడాలి మీరు.

సామేలుగారి సంగతి నేనేం చెప్పను? మీ ఉద్యోగం మీది. కృపారాణి కనిపిస్తే నేను అడిగానని చెప్పండి. వద్దు లెండి, చెప్పకండి.

మీ
శ్యామల


తార్నాక,
ఏప్రిల్ 6

శ్యామలా,

బోర్డు తీసేశాను. ఇక దాని గురించి బెంగ పెట్టుకోకు.

నా దినచర్య చెప్తే నవ్వుతావు. కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాను. కృపారాణి మిషన్ ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ సామేలును అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి, చంకకర్రలు పక్కన ఆనిస్తుంది. ఇక సాయంత్రం దాకా అతను అక్కడ, నేను ఇక్కడ. అతను బైబిలు చదువుతాడు, పావురాలకు గింజలు వేస్తాడు, చిరిగిన చెప్పు కుట్టుకుంటాడు. కర్రల మీద లోపలికి వెళ్ళినప్పుడు నాకు తోచదు. తిరిగి వచ్చి కూర్చుంటే హమ్మయ్య అనిపిస్తుంది. కర్రలు లేకుండా నిలబడటం ఇంతవరకూ చూడలేదు.

ప్రమాదం జరిగిన చోటు కొలతలు కావాలని వకీలు అడిగితే మొన్న టేపు పట్టుకుని క్యాంపస్‌లోకి వెళ్ళాను. ఆ పక్క ఎక్కడో మీటింగు జరుగుతోంది. నేను రోడ్డు మీద వంగి కొలుస్తుంటే పిల్లలు చుట్టుముట్టారు.

"ఎవరు నువ్వు? సీఐడీనా?" అన్నాడొకడు.

"కాదు బాబూ, ఇన్సూరెన్సు."

"గట్లనా! దినాం లాఠీ దెబ్బలు తింటున్నం. మా తలకాయలకు ఇన్సూరెన్స్ చేస్తవా సార్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఊరేదో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. టేపు చుట్టుకుని వచ్చేశాను. చెడ్డ పిల్లలేం కాదు శ్యామలా. వాళ్ళ వయసువాడు ఒకడు మనింట్లో ఉంటే నేనూ వాడికి అన్నం మూటకట్టి పంపేవాణ్ణేమో.

ఇంకో తమాషా. నిన్న మధ్యాహ్నం సామేలు వీధికి అవతల నుంచి కేకేశాడు. "సార్, తిన్నవా?" అని. పరదా వెనక ఉన్నవాణ్ణి ఉలిక్కిపడ్డాను. "తిన్నాను, మీరు?" అన్నాను. "తిన్న. చింతకాయ తొక్కు ఉన్నది, పంపియ్యాల్నా?" వద్దన్నాను. సాయంత్రం కృపారాణి గిన్నెతో తెచ్చి ఇచ్చింది. తిన్నాను. తిని మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాను. నా బతుక్కి నాకే సిగ్గేసింది. కానీ ఆ పూట ఒక మనిషితో రెండు మాటలు మాట్లాడానన్న సంతోషం ఆ సిగ్గు కంటే పెద్దది.

వీధిలో మన వైపువాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. పక్కింటి రైల్వే ఆయన కూడా నిన్న సామాను కట్టాడు.

అచ్యుతరామయ్య


తెనాలి,
ఏప్రిల్ 19

ఏమండీ,

చింతకాయ తొక్కు తిని సిగ్గుపడ్డారు, బాగుంది. నేను ఇక్కడ ఏం తిని సిగ్గుపడుతున్నానో కూడా వినండి.

వదిన బాగానే చూస్తోందని రాశాను. అది అబద్ధం. నేను వంటింట్లోకి వెళ్తే తను బయటికి వస్తుంది. కౌముది రెండోసారి పెరుగు అడిగితే గిన్నె ఖాళీ అంటుంది, రాత్రి వాళ్ళ పిల్లలకు వేస్తుంది. అన్నయ్య చూసీ చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకుంటాడు. చుట్టపుచూపుగా వచ్చినప్పుడు ఇదే వదిన నన్ను కుర్చీ దిగనిచ్చేది కాదు. రాత్రుళ్ళు కౌముది "మనింటికెప్పుడు?" అని అడుగుతోంది. ఏ ఇంటికని చెప్పను?

మీరు సామేలుగారు కుట్టుకునే చెప్పుల గురించి రాస్తున్నారు. నాకవన్నీ వద్దు. అతను ఎప్పుడో ఒకప్పుడు నిలబడతాడు. నిలబడినప్పుడు ఫోటో తియ్యండి, తీసి ఉమాపతిగారికి ఇచ్చి గుంటూరు రండి. మీకు ముందు పెళ్ళాం బిడ్డలు, తర్వాతే ఎదురిల్లు.

ఇలా రాస్తున్నందుకు మీకు కోపమొస్తుందేమో. రానివ్వండి.

శ్యామల


తార్నాక,
జూన్ 14

శ్యామలా,

ఇక్కడ కులాసా. చాలా రోజులు కర్ఫ్యూ, టపా నడవలేదు, అందుకే ఆలస్యం.

నీకో మంచి వార్త. ఫోటో దొరికింది. సామేలు కర్రలు లేకుండా నిలబడి ఉన్నాడు, మొహం స్పష్టంగా పడింది. ముషీరాబాద్ స్టూడియోలో కడిగించాను. ఇక గుంటూరు ఖాయమనుకో.

ఇంతకంటే రాయడానికి విశేషాలేం లేవు. కౌముదికి ముద్దులు.

అచ్యుతరామయ్య


తెనాలి,
జూన్ 23

ఏమండీ,

మీ ఉత్తరం చదివి కౌముదిని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. అంత పిల్లని ఎత్తానా అని తర్వాత నడుం నొప్పి పుట్టాక తెలిసింది. వదినతో "ఈయనకు గుంటూరు వేశారొదినా" అని వేసేసినట్టే చెప్పాను. ఆమె వెంటనే కాఫీ ఇచ్చింది. బ్రాడీపేటలో అన్నయ్య స్నేహితుడి ఇంట్లో రెండు గదులు ఖాళీ ఉన్నాయట, చూసొచ్చాం. వెనక పెరట్లో బావి, పొద్దుటెండ వంటింట్లోకి వస్తుంది. మీ కుర్చీ ఎక్కడ వెయ్యాలో కూడా అనుకున్నాను.

జూన్ 24

ఉత్తరం ఇంకా అతికించలేదు. ఇవాళ పొద్దున్న ఆత్రేయ వచ్చాడు. మన వెనక లైనులో గది తీసుకుని యూనివర్సిటీలో రీసెర్చి చేసేవాడు, గంగానమ్మపేట వాళ్ళబ్బాయి. హైదరాబాదు నుంచి వచ్చి రెండు రోజులే అయిందట. "బాబాయిగారికి దెబ్బలేం తగల్లేదు కదా పిన్నీ?" అన్నాడు. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడిగాను. మన గేటు మీద రాళ్ళు పడ్డాయట. కిటికీ అద్దాలు పోయాయట. ఎవరో కుంటాయన అడ్డం నిలబడ్డాడని విన్నాడట.

ఇక్కడ కులాసా అని రాశారు. విశేషాలేం లేవని రాశారు.

ఆ ఫోటో ఎప్పుడు తీశారు? ఎక్కడ తీశారు? దాచకుండా రాయండి. దాచితే నేను రేపే రైలెక్కుతాను.

శ్యామల


తార్నాక,
జూలై 2

శ్యామలా,

నువ్వు రైలెక్కొద్దు. అన్నీ రాస్తాను.

బోర్డు తీయలేదు. నీకు అబద్ధం రాశాను. పధ్నాలుగేళ్ళ క్రితం వాల్తేరులో చదువుకుని, మా వంశంలో మొట్టమొదటి డిగ్రీ తెచ్చుకుని, పని గట్టుకుని రాయించిన బోర్డు. ఎవరికో భయపడి పీకడమేమిటని పంతం పట్టాను. ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు.

జూన్ మొదటి వారం. ఎక్కడో కాల్పులు జరిగి పిల్లలు పోయారని ఊరంతా ఉడికిపోతోంది. మధ్యాహ్నం అన్నం తిని కిటికీ దగ్గర కూర్చున్నాను. వీధిలోకి ఒక గుంపు వచ్చింది. మన గేటు దగ్గర ఒకడు ఆగి బోర్డు చదివాడు. పైకి చదివాడు. ఆ తర్వాత మొదటి రాయి పడింది. అద్దం పగిలి నా ఒళ్ళో పడింది. నేను లేచి తలుపు గడియ పెట్టాను. పెట్టి, మళ్ళీ వెళ్ళి కిటికీ పక్క గోడకు అంటుకుని నించున్నాను. నీకు చెప్పడానికి సిగ్గేం లేదు, చాలా భయపడ్డాను.

అవతల అరుగు మీంచి సామేలు ఏదో అరుస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. అతను కర్రలేసుకుని వీధి దాటాడు. జనంలోంచి తోసుకుంటూ వచ్చి, కర్రలు రెండూ మన గేటు లోపలికి పారేశాడు. గేటుకు వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అడిగితే "కర్రలు చంకల ఉంటే చేతులు ఖాళీ ఉండవు గద సార్, గేటెట్ల పట్టుకోవాలె" అన్నాడు.

గుంపులో మాణికేశ్వర్ నగర్ కుర్రాడు మల్లన్న ముందున్నాడు. సామేలుకు తెలిసినవాడే.

"పక్కకు జరుగన్నా. ఆంధ్రోని ఇల్లిది."

"ఇంట్ల ఎవ్వలు లేరు మల్లా. ఎన్నడో పోయిండ్రు. ఇల్లు నన్నే చూసుకోమన్నరు."

"బోర్డున్నది గదనె."

"బోర్డు నేను పీకేస్త. రాళ్ళు కింద పడేయుండ్రి. నేను సుత జై తెలంగాణే. కానీ ఈ గేటు తియ్యాల్నంటే నన్ను గుంజి పారేసి తియ్యాలె. గుంజుతవా? గుంజు."

ఎవరూ గుంజలేదు. అతని మొహం నిండా చెమట. కాళ్ళు అదురుతున్నాయి, మోకాళ్ళు వంగిపోకుండా పళ్ళు బిగబట్టి ఉన్నాడు.

ఇప్పుడు అసలు మాట రాయాలి. ఫిబ్రవరి నుంచి నేను ఎదురుచూస్తున్నది అదే. అతను నిలబడ్డాడు, కర్రలు లేవు. నా చెయ్యి దానంతటది కెమెరా మీదికి పోయింది. పగిలిన అద్దంలోంచి నొక్కాను. నొక్కాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. అతను మొహం పక్కకు తిప్పిన ఆ క్షణం, అతనొక్కడే అందులో పడ్డాడు. ఆ ఫోటోలో గుంపు లేదు, రాళ్ళు లేవు. సాయంత్రంపూట గేటుకు ఆనుకుని ఊసులాడుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

గుంపు అరుచుకుంటూ వెళ్ళిపోయింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా నేను గడియ తీయలేదు శ్యామలా. తీసి వెళ్ళేసరికి అతని వేళ్ళు ఊచల మీద బిగుసుకుపోయి రావడం లేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. విడదీయగానే కుప్పకూలాడు. ఇంటికి మోసుకెళ్ళాను. అప్పట్నుంచి మంచం మీదే ఉన్నాడు. కలిసిన ఎముక మళ్ళీ కదిలిందని డాక్టరు చెప్పాడట.

కిందటి వారం చూడటానికి వెళ్ళాను. కృపారాణి డ్యూటీలో ఉంది.

"ఫోటో వచ్చిందా సార్?" అన్నాడు.

కర్రలు గోడకు ఆనించి మంచం పక్కన కూర్చున్నాను.

"కెమెరా ఎప్పటిసందో చూస్తున్న. ఎండ పడితే మెరుస్తది గద. నువ్వు ఏ కంపెనీల చేస్తవో నాకెరికే."

"తెలిసి కూడా రోజూ అరుగు మీద ఎందుకు కూర్చున్నారు? లోపల ఉండొచ్చు కదా?"

"లోపల కూసుంటే నువ్వు ఎవ్వరిని చూస్తవ్? పెండ్లాం బిడ్డ ఊరికి పాయె. ఒక్కనివే ఉంటివి. నన్ను చూసుకుంట కూసుంటే నీకు పొద్దు పోతదని. నాకు సుత పొద్దు పోయేది."

ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

ఇంకొక్క మాట, ఇదీ దాచను. నేను సామేలు దగ్గరికి వెళ్ళేనాటికే ఫోటో ఉమాపతిగారి చేతిలో ఉంది. గుంపు పోయిన మూడోనాడే ఇచ్చేశాను. ఆ ఇంట్లో ఇంకొక్క రాత్రి ఉండలేననిపించింది. గుంటూరు, నువ్వు, కౌముది, ఇదే తప్ప ఇంకేమీ తోచలేదు. ఆయన నన్ను మెచ్చుకుని టీ తెప్పించారు. ఇప్పుడు వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు, ఫోటో వకీలు దగ్గరికి పోయింది.

అచ్యుతరామయ్య


తెనాలి,
జూలై 13

ఏమండీ,

మీ ఉత్తరం పొయ్యి ముందు చదివాను. పప్పు మాడింది. వదిన అన్న మాటలు నాకు వినబడలేదు.

మీకు దెబ్బ తగల్లేదు. ముందు దానికి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ తర్వాత మీ బోర్డును తిట్టాను, మిమ్మల్ని తిట్టాను. అవన్నీ ఇక్కడ రాయను.

నేను కూడా మీకు ఒకటి చెప్పలేదు. నేను రైలెక్కే రోజు పొద్దున కృపారాణి వచ్చింది. తలుపు దగ్గరికేసి చెప్పింది. రోజూ తెల్లారగట్ల ఆయన గోడ పట్టుకుని నిలబడటానికి చూస్తున్నారట. కాసేపు ఆగి పడిపోతారట. పడ్డా మళ్ళీ లేస్తారట. "ఎన్నటికన్న నిలబడతడక్కా, నువ్వు సుత నీ దేవునికి మొక్కు" అని నా చేతులు పట్టుకుంది. మీ మొదటి ఉత్తరం చూడగానే నాకు తెలిసిపోయింది, ఈ ఒక్క మాట మీకు రాస్తే చాలని. తెల్లారి వెళ్ళి వాళ్ళ కిటికీలోకి చూస్తే చాలు, గుంటూరు మనదే. ప్రతి ఉత్తరంలోనూ మొదలుపెట్టాను. ప్రతిసారీ ఆపేశాను. నేను చెప్పకూడదు, మీరే చూడాలి, పాపం నాకు అంటకూడదు అనుకున్నాను. పైగా నిలబడగానే తియ్యండి అని మిమ్మల్ని తరిమాను. ఎంత మంచిదాన్నో చూడండి.

ఆత్రేయ వకీలు చదువు చదివిన తన అన్నగారిని అడిగి చెప్పాడు. ఉత్త ఫోటో చూపిస్తే సరిపోదట. తీసినవాడు బోనెక్కి నేనే తీశానని చెప్పాలట. అంటే మిమ్మల్నే పిలుస్తారు.

ఏం చెయ్యమని నన్ను అడగకండి. అడిగితే గుంటూరు రమ్మనే చెప్తాను. బ్రాడీపేట ఇంటి వంటింట్లోకి వచ్చే ఎండ నా కళ్ళలోంచి పోవడం లేదు. అందుకే అడగొద్దు.

శ్యామల


తార్నాక,
అక్టోబరు 30

శ్యామలా,

ఇన్నాళ్ళూ రాయనందుకు నీకు కోపం వచ్చి ఉంటుంది. అంతా అయ్యాక రాద్దామని ఆగాను. నిన్న తీర్పు వచ్చింది, రాస్తున్నాను.

సాక్ష్యానికి వారం ముందు ఎదురింటికి వెళ్ళాను. సామేలుగారితో చెప్పాను. "బోనులో అడిగినదానికే జవాబు చెప్పాలి. మా వకీలు నిలబడ్డాడా లేదా అనే అడుగుతాడు. మీ వకీలును నన్ను ఒక్క ప్రశ్న అడగమనండి. ఆ రోజు నీ గేటు దగ్గర ఏం జరిగింది అని. మిగతాది నేను చెప్తాను" అన్నాను. సరే అన్నాడు. నాకు గుండె బరువు దిగింది.

కోర్టులో మా వకీలు ఫోటో చేతికిచ్చాడు. ఇది నువ్వే తీశావా? తీశాను. ఇందులో ఉన్నది ఎవరు? సామేలు. నిలబడి ఉన్నాడా? ఉన్నాడు. కర్రలు కనిపిస్తున్నాయా? లేవు. ఎవరైనా పట్టుకుని ఉన్నారా? లేదు. అన్నీ నిజాలే. నిజాలు చెప్తూ అంత పెద్ద అబద్ధం చెప్పొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మా వకీలు నవ్వుతూ కూర్చున్నాడు. వెనక బెంచీలో ఉమాపతిగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

సామేలుగారి వకీలు లేచాడు. ఆయన వైపు తిరిగి చూశాడు. సామేలుగారు తల అడ్డంగా ఊపాడు. "ప్రశ్నలేమీ లేవు" అని వకీలు కూర్చున్నాడు.

నేను సామేలుగారి వైపు చూశాను. ఆయన కింద నేల వైపు చూస్తున్నాడు. జడ్జిగారు "నువ్వు దిగొచ్చు" అన్నారు. నేను దిగలేదు. బంట్రోతు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కటకటాలు పట్టుకుని అలాగే ఉన్నాను. "అయ్యా, నాది ఇంకా అవలేదు" అన్నాను.

మా వకీలు లేచి ఏదో అభ్యంతరం చెప్పాడు. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "అడగని ప్రశ్నకు జవాబు చెప్తానని పట్టుబట్టే సాక్షిని మొదటిసారి చూస్తున్నాను. చెప్పు" అన్నారు.

అంతా చెప్పాను. బోర్డు, రాళ్ళు, కర్రలు గేటులోకి పారేయడం. "ఈయన నిలబడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?" అని జడ్జిగారు అడిగారు. "లోపల గడియ పెట్టుకుని ఉన్నానండీ. అక్కణ్ణుంచే ఫోటో తీశాను" అన్నాను. ఆ తర్వాత ఆయన ఎలా కూలిపోయాడో, వేళ్ళు ఎలా విడదీశానో, ఈనాటికీ తనంతట తాను లేవలేడనీ చెప్పాను. అప్పుడు దిగాను.

బయట రిక్షాలు లేవు, ఒక్కటే దొరికింది. ఇద్దరిదీ తార్నాకే. దావా వేసినవాడూ, కంపెనీ సాక్షీ ఒకే రిక్షాలో వచ్చాం. ఆయన్ని నేనే ఎత్తి ఎక్కించాను.

"ఎందుకు అడగొద్దన్నారు?" అన్నాను చివరికి.

"అడిగితే నీ నౌకరి పోతది. పెండ్లాం బిడ్డలు ఎట్లొస్తరు మరి? నాకు కృపారాణి ఉన్నది, పక్కన. నీకెవ్వలున్నరు?" అని, "ఏం మనిషివి సార్ నువ్వు" అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే నా భుజం మీద చెయ్యి వేశాడు.

అడిగినంతా కాదు గానీ, కోర్టు ఆయనకు పెద్ద మొత్తమే ఇప్పించింది. కంపెనీ పై కోర్టుకు పోతుందట. ఉమాపతిగారు నన్ను తిట్టలేదు. గుంటూరు కాగితం నా ముందే నిలువునా చింపి, సొరుగు మూశారు. నన్ను క్లెయిముల నుంచి తీసి టపా సెక్షనులో కూర్చోబెట్టారు. కవర్లకు బిళ్ళలు అంటిస్తున్నాను. బదిలీ మాట అడగడానికి ఇక నోరు లేదు. బ్రాడీపేట ఇంటివాళ్ళకు చెప్పేయమని మీ అన్నయ్యతో అను.

కృపారాణికి వరంగల్లు ఆస్పత్రిలో పని దొరికింది. ఆదివారం వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. నీకు నమస్కారాలు చెప్పమంది, కౌముదికి ఊలు చొక్కా అల్లుతోంది. గొడవలు కాస్త సద్దుమణిగాయి. బళ్ళు తెరుస్తామంటున్నారు గానీ మళ్ళీ ఎప్పుడేమవుతుందో ఎవరూ చెప్పలేరు. మిమ్మల్ని రమ్మని పిలవడానికి ధైర్యం చాలడం లేదు. రావద్దని రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

నువ్వు వెళ్ళినప్పటి నుంచీ వేళాకోళాలు రాస్తున్నాను, కులాసా అని రాస్తున్నాను. ఈ ఒక్కసారి నిజం రాస్తాను. నాకు ఒంటరిగా ఉండటం చేతకావడం లేదు, శ్యామలా.

అచ్యుతరామయ్య